కొలువు కబురు మోసుకొచ్చేదెవరు?

రాజంపేట: డిగ్రీ ఆఖరి సంవత్సరం పరీక్షలు దగ్గర పడ్డాయంటే మన పల్లెల్లో విద్యార్థికి పుస్తకాల బెంగకు తోడు మరో బెంగ మొదలవుతుంది. తర్వాత ఏం చేస్తావని తల్లి అడుగుతుంది. అరుగు మీది తాత అడుగుతాడు. చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ కూడా అదే అడుగుతాడు. జవాబు దొరకదు. చివరకు ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చే మాట ఒకటే: "పైరవీ చేసేటోళ్లు మనకెవరున్నరు?"

ఈ మాటలో సగం నిజముంది, సగం ప్రమాదముంది. ఉద్యోగాలు మనుషుల ద్వారా దొరుకుతాయన్నది నిజం. ఏ మనుషుల ద్వారా, వారిని ఏమడిగితే అన్న దగ్గరే చాలామంది దారి తప్పుతున్నారు. పైరవీ అంటే మన వంతు కానిదాన్ని అడ్డదారిన తెచ్చుకోవడం. పరిచయం అంటే ఫలానా చోట ఖాళీ ఉంది, ఫలానా పని వచ్చినవాళ్లను తీసుకుంటున్నారు అని సమయానికి చెవిన వేసే మనిషి ఉండడం. పైరవీ కోసం ఎకరం పొలం అమ్ముకునేవారున్నారు. పరిచయానికి అయ్యే ఖర్చు ఒక బస్సు చార్జీ, రెండు చాయ్‌లు.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడే రాజంపేట కూడా కొత్తగా మండల కేంద్రమయింది. కామారెడ్డిలో డిగ్రీ కళాశాలలున్నాయి, డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది. భిక్కనూరులో తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఉంది. ఆర్గొండ, తలమడ్ల వంటి ఊళ్ల పిల్లలు పొద్దున సద్ది కట్టుకుని పోయి సాయంత్రానికి ఇల్లు చేరగలుగుతున్నారు. చదువైతే దగ్గరికొచ్చింది గాని, కొలువు కబురు ఇంకా దూరంగానే ఉంది. పట్నంలో పెరిగిన పిల్లవాడికి పక్కింటాయన బ్యాంకు మేనేజరో, కంపెనీ ఇంజనీరో అయి ఉంటాడు. అడగకపోయినా వార్త చెవిన పడుతుంది. మన పిల్లవాడి పక్కింట్లో రైతు ఉంటాడు, బీడీలు చుట్టే అక్క ఉంటుంది, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన అన్న ఉంటాడు. వాళ్ల ప్రేమకు లోటు లేదు. వాళ్లకు తెలిసిన పనులు వేరు, అంతే.

'కార్డు'ను నమ్ముకున్న రోజులు

వయసు మళ్లినవారికి ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి కార్డు గుర్తుండే ఉంటుంది. పదో తరగతి పాసవగానే నిజామాబాద్ వెళ్లి పేరు నమోదు చేయించుకోవడం, గడువు దాటకుండా రెన్యూవల్ చేయించుకోవడం, సీనియారిటీ వచ్చి కాల్ లెటర్ అందేదాకా పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూడడం ఒక తరం అనుభవం. 1959 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలూ, పాతికమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయాల్సి ఉండేది. తెలియజేయమన్నదే గాని, అక్కడి నుంచే మనుషులను తీసుకోవాలని ఆ చట్టం ఎక్కడా చెప్పలేదు. ఆ తేడా తెలియక ఎందరో ఏళ్ల తరబడి కార్డునే నమ్ముకున్నారు.

1996లో కృష్ణా జిల్లా ఎక్సైజు శాఖ నియామకాలకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టుకోరాదని, పత్రికల్లోనూ ప్రకటించి అర్హులైన వారందరినీ పరిశీలించాలని చెప్పింది. ఆ తర్వాత కార్డు సీనియారిటీకి ఉన్న విలువ తగ్గిపోయింది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ ఉంది. రాష్ట్రానికి డీట్ అనే డిజిటల్ ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి ఉంది. కామారెడ్డి దాకా కూడా పోనక్కరలేదు, ఫోనులోనే పేరు ఎక్కించుకోవచ్చు. ఎక్కించుకోవాలి కూడా. అయితే పాత కార్డు లాగే దీన్నీ నమ్ముకుని కూర్చుంటే పాత కథే అవుతుంది.

ఇక ప్రభుత్వ ఉద్యోగమే కావాలని పట్టుపట్టేవారి లెక్క చూద్దాం. 2022 చివర వెలువడిన గ్రూప్-4 ప్రకటనలో 8,180 పోస్టులకు సుమారు 9.5 లక్షల మంది దరఖాస్తు చేసుకున్నారు. ఒక్కో పోస్టుకు 116 మంది. చదవగలిగినవారు చదవాల్సిందే. ఆ 116 మందిలో మిగిలే 115 మందికి మాత్రం మరో దారి తెలిసి ఉండాలి.

ఈ పరీక్షల్లో పైరవీకి తలుపు ఎక్కడుందో ఎవరూ అడగడం లేదు. కింది స్థాయి ఉద్యోగాలకు కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలను ఎత్తివేసింది. మన రాష్ట్రం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాల్లో కూడా తీసివేసింది. రాత పరీక్షలో వచ్చిన మార్కులే లెక్క. అలాంటప్పుడు "పైన మనోళ్లున్నరు, ఐదు లక్షలియ్యి" అనేవాడు ఎవరి చెవిలో చెబుతాడు, వాళ్లు ఏ మార్కులు మారుస్తారు? 2023 మార్చిలో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు బయటికి పొక్కినప్పుడు గ్రూప్-1 ప్రిలిమినరీతో పాటు పలు పరీక్షలు రద్దయ్యాయి. పేపర్లు కొన్నవారు కేసుల పాలయ్యారు. నిజాయితీగా రాసిన లక్షలమంది మళ్లీ మొదటికొచ్చారు.

ఎప్పుడో ఒకసారి కనిపించే మనిషి

ప్రైవేటు ఉద్యోగాల సంగతి వేరు. హైదరాబాద్ దారిలో జాతీయ రహదారి వెంట తూప్రాన్, మనోహరాబాద్, కాళ్లకల్, మేడ్చల్ వరకు ఎన్ని కర్మాగారాలున్నాయో బస్సు కిటికీలోంచి చూసినవారికి తెలుసు. వీటిలో ఒక లెక్కల గుమాస్తా మానేస్తేనో, ఒక నాణ్యత పరీక్షకుడు వేరేచోటికి పోతేనో పత్రికలో ప్రకటన రాదు. "తెలిసినోళ్లెవరన్న ఉన్నరా?" అని మేనేజరు లోపల ఉన్నవారినే అడుగుతాడు. రెండు మూడు రోజుల్లో ఆ కుర్చీ నిండిపోతుంది. ఆ రెండు మూడు రోజుల్లో మీ పేరు గుర్తుకొచ్చే మనిషి లోపల ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

ఈ విషయాన్ని లెక్కగట్టి చూసినవాడు మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రజ్ఞుడు. బోస్టన్ నగరం పక్కనున్న న్యూటన్ అనే ఊళ్లో కొత్తగా ఉద్యోగం మారిన 282 మందిని, ఆ ఉద్యోగం సంగతి మీకెలా తెలిసిందని అడిగాడు. నూటికి 56 మంది తెలిసినవారి ద్వారానే అన్నారు. ఇంతవరకు మనకు తెలిసిన ముచ్చటే. ఆయన మరో ప్రశ్న వేశాడు: ఆ తెలిసినవారిని మీరు ఎంత తరచుగా కలిసేవారు? వారానికి రెండుసార్లయినా కలిసే దగ్గరివారి ద్వారా తెలిసిందన్నవారు ఆరింట ఒకరే. సగానికి పైగా అప్పుడప్పుడూ కలిసేవారి ద్వారా, నాలుగోవంతు కంటే ఎక్కువమంది ఏడాదికి ఒకసారి కూడా కనిపించడం గగనమైన వారి ద్వారా తెలుసుకున్నారు. పాత కళాశాల మిత్రుడు, వెనక ఒకప్పుడు కలిసి పనిచేసినవాడు, ఎక్కడో పెళ్లిలో పరిచయమైనవాడు. ఈ సంగతులు 1973లో ఒక పరిశోధనా పత్రికలో, 1974లో పుస్తకంగా అచ్చయ్యాయి.

ఎందుకిలా? మన ఊరి లెక్కలో చెప్పుకుంటే సులువుగా అర్థమవుతుంది. ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే బస్సులో వచ్చే మీ దోస్తుకు మీకు తెలిసిందే తెలుసు. మీకు తెలియంది అతనికీ తెలియదు. మీ కోసం ప్రాణమిస్తాడు గాని కబురు ఇవ్వలేడు. నాలుగేళ్ల కింద ఇదే కళాశాల నుంచి పోయి మేడ్చల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తున్న సీనియరుకు మీరెవరో సరిగా గుర్తుండకపోవచ్చు. కాని అతడు తిరిగే లోకం వేరు, అక్కడి వార్తలు వేరు. మీకు అవసరమైన వార్త ఆ లోకంలో ఉంది.

ఇదంతా యాభై ఏళ్ల కిందటి అమెరికా సంగతి, మనకెందుకు అనేవారి కోసం ఇంకో మాట. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో లింక్డ్‌ఇన్ అనే ఉద్యోగాల వేదికపై రెండు కోట్ల మందిని ఐదేళ్లపాటు పరిశీలించారు. మరీ దగ్గరివారి కంటే కొద్దిపాటి పరిచయస్తుల వల్లనే ఎక్కువమంది కొత్త ఉద్యోగాల్లోకి మారారని తేలింది. మరీ ముఖం తెలియనివారి వల్ల కూడా లాభం అంతగా లేదు. కంప్యూటర్లతో పెద్దగా పని లేని రంగాల్లో మాత్రం దగ్గరివారే ఎక్కువ అక్కరకొచ్చారట. రైసు మిల్లులోనో, ట్రాక్టర్ల షోరూములోనో పని కావాలంటే మేనమామ మాట ఇప్పటికీ చెల్లుతుందన్నమాట. సాఫ్ట్‌వేరు వైపు చూసేవారు మేనమామను దాటి పోవాలి.

జమ్మి చెట్టు కాడ

ఇలాంటి మనుషులను ఎక్కడ వెతకాలి అనే ప్రశ్నకు తెలంగాణ పల్లెలో మంచి జవాబే ఉంది. మనకు వలసపోయినవారు ఇళ్లకు చేరే పండుగ బతుకమ్మ, దసరా. హైదరాబాద్‌లో ఉన్నవారు, బీవండి, షోలాపూర్ పోయినవారు, సెలవు దొరికితే గల్ఫ్‌లో ఉన్నవారు కూడా వస్తారు. దసరా సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర ఊరంతా చేరి, బంగారమని జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటుంది. ఏడాదంతా పలకరించుకోనివారు కూడా ఆ రోజు పలకరించుకుంటారు. అమెరికా శాస్త్రజ్ఞుడు చెప్పిన 'ఎప్పుడో ఒకసారి కనిపించే మనుషులు' మన ఊళ్లో ఒకే సాయంత్రం ఒకే చోట నిలబడి ఉంటారు. మన విద్యార్థులు మాత్రం ఆ సాయంత్రం తమ జట్టుతో తాము ఒక మూల నిలబడి ఫోన్లు చూసుకుంటుంటారు. కాళ్లు మొక్కి ఆకు ఇచ్చి పక్కకు తప్పుకోకుండా, "అన్నా, ఇప్పుడు ఎక్కడున్నరు, ఏం పని చేస్తున్నరు?" అని ఒక మాట కలపడానికి సిగ్గెందుకో తెలియదు.

పండుగ దాకా ఆగనక్కరలేని చోట్లూ ఉన్నాయి. కళాశాల గుమాస్తా దగ్గర గడిచిన ఏళ్ల విద్యార్థుల జాబితా ఉంటుంది. లెక్చరర్లకు వారిలో ఎవరు ఎక్కడున్నారో తెలిసి ఉంటుంది. ఎన్.ఎస్.ఎస్. 1969 నుంచి నడుస్తోంది. శిబిరానికి వెళితే వేరే కళాశాలల పిల్లలు, అధికారులు పరిచయమవుతారు. ఊళ్లోకి వచ్చే విత్తనాల కంపెనీ మనిషి, ఎరువుల డీలరు, బ్యాంకు ఫీల్డాఫీసరు, పశువుల డాక్టరు, మందుల దుకాణానికి వచ్చే మెడికల్ రెప్రజెంటేటివ్ కూడా ఉద్యోగస్తులే కదా. ఆయన ఆ ఉద్యోగంలోకి ఎలా వచ్చాడో మన ఊరి పిల్లవాడు అడిగి ఎరుగడు. విత్తనాల కంపెనీలు పల్లె నేల తెలిసిన బీఎస్సీ పిల్లల కోసం చూస్తుంటాయన్న సంగతి పొలం గట్టు మీద నిలబడి తెలుసుకోవచ్చు.

ఉద్యోగం అడగొద్దు, సంగతి అడగండి

మన పిల్లలు పొరబడే చోటు ఇదే. ఎదుటి మనిషి కనబడగానే, "అన్నా, నీకు పుణ్యముంటది, మీ కంపెనీల నన్ను పెట్టియ్యి" అంటారు. ఆ అన్న చేతిలో ఉద్యోగం ఉండదు. లేదని చెప్పడానికి నామోషీ. "చూద్దాం తమ్మీ" అని తప్పించుకుంటాడు. మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తడు. రెండువైపులా మనసు నొచ్చుకుంటుంది.

అదే పిల్లవాడు ఇలా అడిగాడనుకోండి: "అన్నా, నేను బీకాం ఆఖరి ఏడు చదువుతున్న. మీ దగ్గర లెక్కలు రాసేటోళ్లను తీసుకునేటప్పుడు ఏం చూస్తరు? ట్యాలీ ఒక్కటొస్తే సరిపోతదా, జీఎస్టీ రిటర్నులు గూడ రావాల్నా?"

ఇందులో అవతలి మనిషి తప్పించుకోవాల్సిందేమీ లేదు. తనకు తెలిసిన సంగతి చెప్పమంటే ఎవరికైనా సంతోషమే. "ట్యాలీ అందరికొస్తది తమ్మీ, ఎక్సెల్ల చెయ్యి తిరగాలె. మా దగ్గర కొత్తోళ్లను ఎండకాలంల తీసుకుంటరు, అప్పుడొకసారి ఫోన్ చెయ్యి" అంటాడు. ఆ ఒక్క మాటలో మూడు సంగతులు దొరికాయి. ఏం నేర్చుకోవాలో తెలిసింది, ఎప్పుడు అడగాలో తెలిసింది, అడగడానికి అనుమతి కూడా దొరికింది. ఇంకొకరి పేరు కూడా చెప్పమని అడిగితే నాలుగో లాభం. "ఈ పని గురించి ఇంక ఎవరినన్న అడుగుమంటవా అన్నా?" అంటే చాలామంది ఒకరిద్దరి నంబర్లు ఇస్తారు. పరిచయాలు పెరిగేది అలాగే.

తర్వాతి పని మరిచిపోరాదు. వారం తిరగకముందే రెండు వాక్యాల కబురు పంపాలి. "నమస్తే అన్నా, ఆర్గొండ పిల్లగాన్ని, దసరకు జమ్మి చెట్టు కాడ మాట్లాడిన. మీరు చెప్పిన ఎక్సెల్ నేర్చుకుంటున్న." అంతే చాలు. పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం పంపడం పరిచయం కిందికి రాదని ఈ సందర్భంగా మనవి. రోజూ పువ్వులు పంపినవాడి కంటే ఆరునెలలకు ఒకసారి పని మాట చెప్పినవాడే గుర్తుంటాడు.

బయోడేటా విషయంలోనూ ఒక మాట. ఇంటర్నెట్ సెంటరులో అచ్చు వేయించిన కాగితాలు నూరు చూసినా అన్నీ ఒకే తీరు. అభిరుచులు: క్రికెట్, పాటలు వినడం. తండ్రితో కలిసి ఐదేళ్లు వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా లెక్కలు రాసినవాడు ఆ సంగతి అందులో రాయడు. కిరాణా దుకాణం ఖాతా నడిపిన అమ్మాయి అది పని అనుకోదు. కంపెనీవాడికి కావలసింది అదే.

ఒకే దారిన పోయే బంధువులు

మన ప్రాంతానికి పరిచయాలతో కొలువు సంపాదించడం కొత్త కాదు. 1970 దశకంలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాల పని ముమ్మరమైనప్పటి నుంచి నిజామాబాద్, కరీంనగర్ పల్లెలు అక్కడికి నడిచింది బంధుత్వాల మీదుగానే. అన్న పోయి తమ్మునికి వీసా పంపాడు. తమ్ముడు బామ్మర్దిని పిలిచాడు. గదిలో చోటు, మొదటి నెల తిండి, ఎవరిని నమ్మాలి, ఎవరిని నమ్మరాదు అన్నీ ఆ బంధువులే చూశారు. ఆ సాయాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. ఎన్నో ఇళ్లు ఆ డబ్బుతోనే నిలబడ్డాయి.

అయితే ఆ దారి ఒకే పనికి పోతుంది. కట్టడం, డ్రైవింగు, క్లీనింగు. పిలిచేవారికి తెలిసిన పని అదే గనుక డిగ్రీ చదివినవాడికి కూడా అదే వీసా వస్తుంది. బొంబాయిలోని దాదర్ ప్రాంతంలో కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌వైగ్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు ఇటువంటిదే గమనించి 2006లో ప్రకటించారు. కులపు పరిచయాలు బలంగా ఉన్న శ్రామిక కుటుంబాల్లో మగపిల్లలను మరాఠీ మాధ్యమంలో చదివించి తండ్రుల పనిలోకే పంపారు. పరిచయాల అండ లేని ఆడపిల్లలు ఇంగ్లీషు చదువు వైపు మళ్లి కొత్త ఉద్యోగాలకు దగ్గరయ్యారు. బలమైన బంధుబలగం ఆదుకుంటుంది, కట్టి కూడా వేస్తుంది. దుబాయిలో అన్న ఉన్న విద్యార్థి అతణ్ని వీసా అడిగే ముందు, అక్కడి కంపెనీ ఆఫీసులో స్టోరు లెక్కలు, సేఫ్టీ ఉద్యోగాలు చేసేవారు ఏం చదువుకుని వచ్చారో కనుక్కోమని అడగవచ్చు. అన్న ఆ ఆఫీసు గదిలోకి రోజూ పోకపోవచ్చు గాని, ఆ గది ఎక్కడుందో అతనికి తెలుసు.

గల్ఫే పోదలచినవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 2017లో సవరించిన నిబంధనల ప్రకారం రిజిస్టరు చేసుకున్న రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగినా, రసీదు ఇవ్వనన్నా అతడు మన చుట్టమైనా అనుమానించాల్సిందే. ఏజెంటు రిజిస్టరు అయ్యాడో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో చూసుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. హైదరాబాద్‌లో 'బ్యాక్‌డోర్' ఉద్యోగమని లక్షలు తీసుకునే కన్సల్టెన్సీలకూ ఇదే పరీక్ష. జీతం ఇచ్చేవాడు ముందుగా మనల్ని డబ్బు అడగడు.

మాట పోతే ఊరికే పోతుంది

చెప్పి చేర్పించినవాడి బాధ్యత గురించి మన విద్యార్థులు ఆలోచించడం తక్కువ. ఒక సీనియరు తన మేనేజరుతో "మా ఊరి పిల్లగాడు, మంచోడు" అన్నాడంటే తన మాటను పణంగా పెట్టాడన్నమాట. చేరినవాడు పది రోజులకే ఎండ ఎక్కువ, షిఫ్టు కష్టమని చెప్పకుండా ఇంటికొస్తే పోయేది ఆ సీనియరు మాట. ఆ తర్వాత రాజంపేట వైపు నుంచి ఎవరొచ్చినా ఆ మేనేజరు ముఖం చిట్లిస్తాడు. మానుకోవచ్చు, తప్పేమీ లేదు. ముందు చెప్పినవాడికి ఫోన్ చేసి, ఆఫీసులో చెప్పి మానుకోవాలి.

కలకత్తాలో లోరీ బీమన్, జెరెమీ మగ్రూడర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన ప్రయోగం 2012లో అచ్చయింది. ఒక పనికి తెలిసినవారిని తీసుకురమ్మన్నారు. తెచ్చినవాడు ఎలా పనిచేసినా తెచ్చినందుకు డబ్బు ఇస్తామన్నప్పుడు బంధువులను ఎక్కువగా తెచ్చారు. బాగా పనిచేస్తేనే ఎక్కువ డబ్బు అన్నప్పుడు బంధువులను తగ్గించి, తమతో కలిసి పనిచేసినవారిని తెచ్చారు. ఎవరి పనితనం ఎలాంటిదో జనానికి బాగానే తెలుసునన్నమాట. మీ పనితనం చూసినవాడే మీ పేరు ధైర్యంగా చెబుతాడు.

పని చూపించుకునే అవకాశం చదువు అయిన వెంటనే దొరికేది అప్రెంటిస్‌షిప్‌లో. 1961 నుంచి చట్టం ఉంది. పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టయిపెండ్ అని 2019 నిబంధనల్లో పెట్టారు. అది జీతం కాదని చాలామంది వదులుకుంటున్నారు. ఏడాదిపాటు ఒక సంస్థలో ఇరవై ముప్పై మంది కళ్ల ముందు పనిచేస్తే వారిలో సగం మంది రెండేళ్లలో వేరే కంపెనీల్లో ఉంటారు. వారందరూ మిమ్మల్ని ఎరిగినవారే. ఇంటి దగ్గర ఖాళీగా గడిపిన ఏడాదిలో కొత్తగా పరిచయమయ్యేది మహా అయితే వాలీబాల్ జట్టు.

ఆడపిల్లల సంగతి

పైన చెప్పినవన్నీ మగపిల్లలకు సులువు. జమ్మి చెట్టు దగ్గర ఆగి మాట్లాడితే వారిని ఎవరూ ఏమీ అనరు. అదే ఆడపిల్ల అయితే పది కళ్లు చూస్తాయి. సీనియరు నంబరు అడిగితే మాట పుడుతుంది. దాంతో కళాశాలలో మొదటి మార్కు తెచ్చుకున్న అమ్మాయికి ఉద్యోగ వార్త చివరగా తెలుస్తుంది, అదీ తెలిస్తే.

ఇక్కడ అక్కరకొచ్చేది తల్లి. మన ఊళ్లలో మహిళా సంఘంలో లేని తల్లి అరుదు. ఆమెకు గ్రామ సంఘం సహాయకురాలు తెలుసు, మండల సమాఖ్యలో అధికారులు తెలుసు, బ్యాంకు మేనేజరు ముఖం తెలుసు. గ్రామీణ నిరుపేద యువత కోసం 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వంటి శిక్షణల కబురు మొదట చేరేది సంఘాల ద్వారానే. అప్పు వాయిదాల ముచ్చట అయ్యాక, "మా బిడ్డ బీఎస్సీ అయిపోతుంది, ఏమన్న ఉంటే చెప్పు బిడ్డా" అని తల్లి అంటే ఎవరూ తప్పుపట్టరు. లెక్చరర్ మేడంలు కూడా గడిచిన ఏళ్లలో చదివి ఉద్యోగాల్లో ఉన్న అమ్మాయిలను ఏడాదికి ఒక్కసారి కళాశాలకు పిలిచి చిన్నపిల్లలతో కూర్చోబెడితే, నంబర్లు అక్కాచెల్లెళ్ల మధ్య మారతాయి. దీనికి బడ్జెట్టు అక్కరలేదు, ఒక గది, కొన్ని కుర్చీలు చాలు.

2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి చార్జీ లేదు. కామారెడ్డికి పోయి ఒక కంపెనీ మనిషిని కలిసి రావడానికి ఇంట్లో డబ్బు అడగాల్సిన పని తప్పింది. మిగిలిన చిక్కు వేళది. జాబ్ మేళా అంటే పొద్దున సభ, మధ్యాహ్నం దాకా ఉపన్యాసాలు, సాయంత్రం ఇంటర్వ్యూలు అన్నట్టు సాగితే, ఊరికి పోయే బస్సు తప్పుతుందనే భయంతో పల్లె అమ్మాయి తన వంతు రాకముందే లేచి వస్తుంది. మేళాలు పెట్టే అధికారులు ఉపన్యాసాలు కుదించి, దూరపు మండలాల అమ్మాయిల పేర్లు ముందుగా పిలిచి, మూడు గంటలకల్లా వారిని పంపించేస్తే బాగుంటుంది.